సరిపోయిన లెక్క

ట్రాక్టరు ఒకటే, చెత్త ఒకటే. జవాబులు మాత్రం రెండు వచ్చాయి.

లెక్చరర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చూసింది. మొదటి జట్టు లెక్కలో తడి చెత్త వందకి అరవై రెండు పాళ్ళు. రెండో జట్టు లెక్కలో నలభై ఏడు. ఒకటో రెండో తేడా వస్తే సర్దుకోవచ్చు. ఇది సర్దుకునే తేడా కాదు.

కాలేజీ వెనక పెరట్లో, వర్క్‌షాపు గోడ నీడలో విద్యార్థులంతా ఆమె చుట్టూ నిలబడ్డారు. మాస్కులు గడ్డాల కిందికి జారాయి. కాటా పక్కన డ్రమ్ములు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో తడి చెత్త, ఒకదాంట్లో కాగితం, ఇంకోదాంట్లో ప్లాస్టిక్, తర్వాత గాజూ ఇనుమూ, చివరిదాంట్లో ఎందులోనూ చేరనివి. ఈగలు డ్రమ్ముల మీంచి లేచి మనుషుల మీద వాలుతున్నాయి.

పొద్దున్నే మున్సిపాలిటీ ట్రాక్టరు ఒక వీధి చెత్తంతా తెచ్చి టార్పాలిన్ మీద గుమ్మరించింది. దాన్ని పారలతో తిరగేసి, కుప్పగా పోసి, పైన చదును చేసి, కర్రతో అడ్డంగా ఒక గీతా నిలువుగా ఒక గీతా గీశారు. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు మొదటి జట్టుకి, మిగతా రెండూ రెండో జట్టుకి. మొదటి జట్టు తన చెత్త ఏరి, తూచి, ఏం చేసిందో ఒక కాగితం మీద వరసగా రాయాలి. రెండో జట్టు ఆ కాగితం ఒక్కటే చూసి తన చెత్త ఏరాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. దాదాపు అదే జవాబు రావాలి. ఆమె చెప్పే సబ్జెక్టంతా అంతే. ఒకరు కనుక్కున్నది, ముక్కూ మొహం తెలియని ఇంకొకరు అదే దారిలో వెళ్ళి మళ్ళీ కనుక్కోగలగాలి. లేకపోతే అది పరిశోధన కాదు, మాటవరస.

"మా కాగితంలో తప్పేం లేదు మేడమ్," అన్నాడు మొదటి జట్టు నాయకుడు. వాడిని క్లాసంతా మైకు అంటారు. పక్కన ఎవరు మాట్లాడుతున్నా వాడి గొంతే వినిపిస్తుంది. "వాళ్ళే ఎక్కడో కలిపేశారు. తడి చెత్త తీసుకెళ్ళి ప్లాస్టిక్‌లో వేసుంటారు."

"ప్లాస్టిక్ ఆకలేసి తినేసుంటుంది," అన్నారెవరో వెనక నుంచి. నవ్వులు.

లెక్చరర్ నవ్వలేదు. ఇంకో మూడు రోజుల్లో కమిటీ కూర్చుంటుంది. ఈ సబ్జెక్టుని పాఠ్యప్రణాళికలో ఉంచాలా తీసేయాలా అన్నది ఆ రోజే తేలుతుంది. తడి చెత్తని ఎరువు చేసే తొట్టి కట్టబోతున్న మున్సిపల్ ఇంజనీరు కూడా వస్తున్నాడు. విద్యార్థుల లెక్క సరిపోతే దాన్నే వాడుకుంటానన్నాడు. సరిపోకపోతే ఆమెకి మళ్ళీ మొదటి సంవత్సరం పిల్లల డ్రాయింగ్ క్లాసే గతి. టీ స్క్వేరు ఎలా పట్టుకోవాలో చెప్పుకుంటూ రిటైరవడమే.

"రెండో జట్టులో చెత్త ఏరింది ఎవరు?" అని అడిగింది.

 కళ్ళన్నీ ఒకే వైపు తిరిగాయి.

ఆ అమ్మాయి కాటా దగ్గర నిలబడి గ్లౌజులు తీస్తోంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఏదైనా రెండుసార్లు తూచిగాని అంకె చెప్పదు కాబట్టి తూకం అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే పిలిచి పిలిచి, అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు.

"నువ్వేనా?"

"అవును మేడమ్."

"మిగతావాళ్ళు?"

"భోజనానికి వెళ్ళారు."

"వెళ్ళి మళ్ళీ వచ్చాం కదా," అని గొణిగాడు రెండో జట్టులో ఒకడు. "వచ్చేసరికే సగం అయిపోయింది మేడమ్. మమ్మల్ని ముట్టుకోనిస్తేగా."

తూకం వాడి వైపు చూడలేదు. "మేడమ్, నేను చేసింది..."

"చేసింది చూశాంగా," అంది లెక్చరర్. అంత కరుగ్గా అనాలనుకోలేదు. కానీ మాట అలాగే వచ్చింది. వచ్చిన మాటని మరో మాటతో గట్టిపరిచింది. "రేపు ఇంకో లోడు తెప్పిస్తాను. రెండు జట్లూ మళ్ళీ చెయ్యండి. నువ్వు మాత్రం రేపు చెయ్యి పెట్టొద్దు. మొదటి జట్టు ఎలా చేస్తుందో పక్కన నిలబడి చూడు. నేర్చుకో."

ఎవరో దగ్గినట్టు నవ్వారు. తూకం గ్లౌజులు రెండూ ఒకదానిలో ఒకటి దూర్చి, కుళాయి దగ్గరకు వెళ్ళింది. సబ్బు తీసుకుని మోచేతుల దాకా రుద్దుకుంది. అందరూ వెళ్ళిపోయినా ఆ కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది.

*

మర్నాడు లెక్క సరిపోయింది.

మొదటి జట్టుకి అరవై రెండు, రెండో జట్టుకి అరవై ఒకటి. మైకు రెండు చేతులూ ఎత్తి, తల వంచి, చుట్టూ తిరిగి దణ్ణాలు పెట్టాడు. రెండు జట్లూ కలిసి డ్రమ్ముల ముందు ఫొటో తీయించుకున్నాయి. తూకం కాటా దగ్గర, ఫొటోకి అవతల నిలబడింది. రమ్మని ఎవరూ అనలేదు. ఆమె రాలేదు.

ప్రిన్సిపాల్ వరండాలోంచి చూసి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని మెట్ల దాకా వచ్చాడు. అక్కడి నుంచి దిగలేదు.

"సరిపోయిందట కదమ్మా."

"సరిపోయింది సార్."

"శుభం. ఇంక ఆ కంపు త్వరగా తీయించెయ్యండి. కమిటీ వాళ్ళు ఈ దారినే వస్తారు."

"ఈసారి ట్రాక్టరు వచ్చినప్పుడు తీసుకెళ్తారు సార్. అప్పటిదాకా షెడ్డులో పెట్టిస్తాను."

సాయంత్రం బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగానే ఉంది. చెత్త పని ఉన్న రోజుల్లో అది మామూలే. ఒకావిడ కూర్చోబోయి, గాలి పీల్చి, ఏదో గుర్తొచ్చినట్టు ముందుకి వెళ్ళి నిలబడింది. లెక్చరర్ తన సంచి ఆ సీట్లో పెట్టుకుంది. ఖాళీగా ఉండటం కన్నా సంచి కోసం అట్టిపెట్టినట్టు ఉండటం కొంచెం నయం.

ఇంటికొచ్చి, గుమ్మంలోనే చెప్పులు కడిగి, స్నానం చేసి, మళ్ళీ చేసింది. వంటింట్లో పొద్దున్న తాగిన గ్లాసు పొద్దున్న పెట్టిన చోటే ఉంది. ఈ ఇంట్లో ఏ వస్తువైనా ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. కదిపేవాళ్ళు లేరు.

అక్క ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నావే?"

"ఇప్పుడే వచ్చాను."

"చెత్తలోంచేనా?"

"ఆఁ. చెత్తలోంచే."

"మీ బావగారు అడుగుతున్నారు, అంత చదువు చదివి ఇదేం ఖర్మ అని. నేనన్నాను, మనింట్లో చెత్త బయట పెట్టడానికి నెల రోజులు బతిమాలించుకునే మనిషి మీరా అడిగేది అని."

ఆమె నవ్వింది. "లెక్క సరిపోయిందక్కా ఇవాళ."

"మంచిది. ఏ లెక్క?"

"రెండు జట్లకీ ఒకటే జవాబు వచ్చింది. సబ్జెక్టు ఉంచేస్తారనుకుంటా."

"ఉంచరా మరి. నీకు తప్ప ఇంకెవరికి కావాలది." అక్క ఎటో తిరిగి, పాలు పొంగుతున్నాయి చూడమని ఎవరికో చెప్పింది. "సరేగానీ, తిన్నావా?"

"తింటాను. అక్కా, నిన్న ఒక పిల్లని..."

"ఏ పిల్ల?"

"నా స్టూడెంటు. అందరి ముందూ కొంచెం గట్టిగా అన్నాను."

"నువ్వా? నీ గొంతు నాకే సరిగ్గా వినపడదు, ఆ పిల్లకేం వినపడుంటుంది. ఉండు, పాలు పోయాయి. మళ్ళీ చేస్తాను."

అక్క మళ్ళీ చెయ్యలేదు. లెక్చరర్ ఫోను బల్ల మీద పెట్టి, అన్నం వడ్డించుకుని, నిలబడే తినేసింది. ఒక్క మనిషికి కుర్చీ లాక్కోవడం ఎందుకు అనిపిస్తుంది ఆమెకి.

*

తర్వాతి రోజు క్లాసుకి తూకం రాలేదు.

"ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది లెక్చరర్.

"సబ్జెక్టు మారిందంట మేడమ్," అన్నాడు మైకు. "రోడ్ల సబ్జెక్టుకి వెళ్ళింది."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం ఆఫీసులో కనపడింది. మారడానికి నిన్నే ఆఖరు కదా."

ఆమె తల ఊపి పాఠం మొదలుపెట్టింది. ఒకరు వెళ్ళిపోతే క్లాసు ఆగదు. మధ్యలో రెండుసార్లు కిటికీ పక్క బెంచీ వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఆ అమ్మాయి ఉన్నప్పుడు కూడా ఆ బెంచీలో ఇంకెవరూ ఉండేవాళ్ళు కాదని అప్పుడు తట్టింది.

క్లాసు అయ్యాక కెమెరా తీసుకుని షెడ్డుకి వెళ్ళింది. కమిటీకి చూపించడానికి డ్రమ్ముల ఫొటోలు కావాలి. తలుపు తియ్యగానే వాసన ఎదురొచ్చింది. ఆమెకి అలవాటే. మూతలు ఒక్కొక్కటే తీసి ఫొటో తీసింది. కాగితం బాగా వచ్చింది. ప్లాస్టిక్ బాగా వచ్చింది. తడి చెత్త డ్రమ్ము మూత తీసి, కెమెరా కంటికి ఆనించి, దించేసింది.

డ్రమ్ము నిండా సంచులే. చిన్నవి, నల్లవి, తెల్లవి, దుకాణాల బొమ్మలున్నవి. అన్నీ ఇళ్ళలో కట్టిన సంచులు. దేని మెడకి వేసిన ముడి దానికే ఉంది. మధ్యమధ్యలో విడిగా కొన్ని తొక్కలు, కాస్త మెతుకులు.

గ్లౌజులు తొడుక్కుని ఒక సంచి పైకి తీసింది. బరువుగా, మెత్తగా, తడిగా ఉంది. ముడి విప్పింది. వంకాయ తొడిమలు, మిగిలిన అన్నం, టీ పొడి. సరే. ఇంకోటి తీసింది. అదీ అంతే బరువు, అంతే మెత్తన. విప్పింది. పసిపిల్లల డైపర్లు. నాలుగైదు ఉండచుట్టి నొక్కి పెట్టారు. ఇంకోదాంట్లో తడిసిన పాత గుడ్డలు. ఇంకోదాంట్లో పెరుగు డబ్బాలు, అడుగున నీళ్ళు, నీళ్ళలో పగిలిన గ్లాసు.

ఆమె చీర కొంగు నడుముకి దోపుకుంది. డ్రమ్ముని నేల మీదికి ఒరిగించి సంచులన్నీ బయటికి లాగింది. తర్వాత రెండో జట్టు డ్రమ్ము. అక్కడా అవే ముళ్ళు. కూర్చుని ఒక్కొక్కటే విప్పసాగింది. కొన్ని ముళ్ళు గ్లౌజులతో వచ్చేవి కావు. ఒక గ్లౌజు తీసేసి గోళ్ళతో విప్పింది. ఒక్కో మనిషి ఒక్కోలా ముడి వేస్తాడు. ఒకళ్ళు చెవులు పట్టుకుని రెండుసార్లు, ఒకళ్ళు మెడ మెలిపెట్టి లోపలికి దూర్చి. ఒక సంచికి దారం చుట్టి, ఆ దారానికి మళ్ళీ ముడి వేశారు ఎవరో. ఎంత జాగ్రత్త మనిషో.

షెడ్డులో వెలుతురు పలచబడేసరికి అంతా వేరయింది. కాటా మీద ఖాళీ డ్రమ్ము పెట్టి ముల్లు సున్నాకి తెచ్చి తూచింది. ఒక జట్టుది నలభై తొమ్మిది. ఇంకో జట్టుది నలభై ఎనిమిది.

నలభై ఏడు అని చెప్పింది ఒక్కతే.

ఇంక ఊహించడానికేం మిగల్లేదు. మొదటి రోజు మొదటి జట్టు ముళ్ళు విప్పలేదు. ఆ కాగితంలో విప్పమనీ లేదు, విప్పొద్దనీ లేదు. తూకం ఒంటరిగా కూర్చుని మధ్యాహ్నమంతా విప్పింది. రెండో రోజు రెండో జట్టు కూడా విప్పలేదు. ఎందుకంటే విప్పే మనిషిని చెయ్యి పెట్టొద్దని తనే నిలబెట్టింది.

*

"ముళ్ళు ఎందుకు విప్పలేదు?"

మర్నాడు మైకు కమిటీ గది బయట ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకొచ్చాడు. జట్టు తరఫున నాలుగు మాటలు చెప్పాల్సింది వాడే.

"ఏ ముళ్ళు మేడమ్?"

"సంచులవి."

"ఓ, అవా." నిజంగానే వాడికి ఆ ప్రశ్న వింతగా ఉంది. "విప్పడం ఎందుకు మేడమ్? ముడి వేశారంటే వంటింటిదే కదా. మా ఇంట్లో అంతే. తడి చెత్త సంచిలో కట్టేస్తాం, పొడిది ఊరికే పడేస్తాం. పైగా చేత్తో ఎత్తితే తెలిసిపోతుంది. మెత్తగా ఉంటే తడిదే."

"మరి కాగితంలో ఆ మాట ఎందుకు రాయలేదు?"

"చెయ్యని పని ఎలా రాస్తాం మేడమ్?"

 ఆమె షెడ్డులో ఏం దొరికిందో చెప్పింది. వాడి మొహం మారింది. డైపర్లు అన్నప్పుడు చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఇప్పుడేం చేస్తారు మేడమ్?"

"చెప్తాను."

"లోపలా?" వాడు తలుపు వైపు చూశాడు. గొంతు మొదటిసారి తగ్గింది. "మేడమ్, ఒక్క మాట. రెండూ సరిపోయాయి. ఎవరూ డ్రమ్ములు తెరిచి చూడరు. ముందు సబ్జెక్టు నిలబడనివ్వండి. తర్వాత మెల్లిగా సరిచేద్దాం. సబ్జెక్టే లేకపోతే సరిచెయ్యడానికి ఏముంటుంది?"

ఆమె కూడా రాత్రంతా ఆ మాటే అనుకుంది. వాడి నోట వినేసరికి అది ఇంకా సబబుగా అనిపించింది. అందుకే భయమేసింది.

లోపల పొడుగాటి బల్ల, ప్రిన్సిపాల్, కమిటీ పెద్దలు, చివర్లో మున్సిపల్ ఇంజనీరు. ఇంజనీరు ముందు తొట్టి నమూనా పరిచి ఉంది. ఆమె నిలబడి తెర మీద మొదటి బొమ్మ వేసింది. అరవై రెండు, అరవై ఒకటి. అందరూ తల ఊపారు.

"ఈ రెండూ తప్పు," అంది.

ఊగుతున్న తలలు ఆగాయి.

దాచకుండా చెప్పింది. సంచులు, ముళ్ళు, మొదటి రోజు వచ్చిన నలభై ఏడు, ఆ అమ్మాయిని తను పక్కన నిలబెట్టిన సంగతి. గొంతు చిన్నదే అయినా గదిలో ఇంకే చప్పుడూ లేదు కాబట్టి అందరికీ వినిపించింది.

"ఆగండమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. "రెండు జట్లకీ ఒకే జవాబు రావడమే కదా మీ సబ్జెక్టు? వచ్చింది కదా?"

"ఒకే తప్పు ఇద్దరూ చేస్తే కూడా ఒకే జవాబు వస్తుంది సార్."

"అంటే సరిపోతే తప్పు, సరిపోకపోతే ఒప్పు అంటారు."

"అలా కాదు సార్. ఎలా సరిపోయిందో చూడకుండా సంతోషించాను. అది తప్పంటున్నాను."

ఇంజనీరు నమూనా మీద పెన్సిల్‌తో కొట్టాడు. "నా తొట్టి దాదాపు పావు వంతు ఖాళీగా ఉండేదన్నమాట. లేదా ఆ పావు వంతూ డైపర్లతో నిండేది." కాగితం చుట్టేశాడు. కోపం లేదు, కానీ ఇంక అక్కడ పనీ లేదు. "మంచి మాట చెప్పారు మేడమ్. కాకపోతే ఈ లెక్కలు నేనింక వాడుకోలేను. బయటివాళ్ళ చేత చేయించుకుంటాను."

అతను వెళ్ళాక కమిటీ ఎక్కువసేపు మాట్లాడలేదు. పిల్లలకి చెత్త ఏరడం కూడా రాలేదని పాఠం చెప్పే మనిషే ఒప్పుకుంది, ఇంక మనం అనేదేముంది అన్నారొకరు. పై సంవత్సరం చూద్దామన్నారు ఇంకొకరు. పై సంవత్సరం అంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు.

బయట మైకు లేడు. ఇస్త్రీ చొక్కాతో ఎటో వెళ్ళిపోయాడు.

*

రోడ్ల ల్యాబు వెనక మెట్ల మీద తూకం కూర్చుని డబ్బా తెరుచుకుని తింటోంది. లెక్చరర్‌ని చూసి లేవబోయింది.

"కూర్చో. తిను." ఆమె ఒక మెట్టు కింద కూర్చుంది. "నీ లెక్క సరైందమ్మా. వాళ్ళు ముళ్ళు విప్పలేదు."

"తెలుసు మేడమ్."

"తెలుసా?"

"రెండో రోజు చూస్తూ నిలబడ్డాను కదా. నేర్చుకోమన్నారు." ఆ అమ్మాయి ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. "అప్పుడే చెప్పి ఉండొచ్చు. కానీ ముందు రోజు మీరు ఎవరు చేశారని అడిగారు. ఎలా చేశారని అడిగి ఉంటే చెప్పేదాన్ని."

ఎదురుగా గోడ మీద పిల్లి ఒకటి నడిచి వెళ్ళింది. ఇద్దరూ దాన్నే చూశారు.

"కమిటీలో నీ సంగతి చెప్పాను. సబ్జెక్టు తీసేశారులే. అయినా అది నీకు తెలియాలని."

"తీసేశారా?" తూకం మొదటిసారి సూటిగా చూసింది. జాలి కాదు. ఏదో తూచుతున్నట్టు చూసింది. "అయితే నా లెక్క సరైందని చెప్పేశారా వాళ్ళకి?"

"చెప్పాను."

"మీకెలా తెలుసు?"

"సంచులన్నీ విప్పాను. నలభై తొమ్మిది, నలభై ఎనిమిది వచ్చాయి. నీ నలభై ఏడుకి సరిపోయింది కదా."

"వాళ్ళ లెక్కా సరిపోయింది మేడమ్."

లెక్చరర్ ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"మీరు విప్పింది వాళ్ళ సంచులు, ఇంకో రోజు చెత్త, ఒక రాత్రంతా నానాక. నేను చేసినట్టు ఇంకెవరూ చెయ్యలేదు." డబ్బా మూత పెట్టేసింది. "నేను రోడ్లకి మారిపోయాను. మళ్ళీ రాను. కానీ నాది తప్పో ఒప్పో నాకు తెలియాలి. మీ కోసం కాదు."

"ఎలా చెయ్యాలో రాసివ్వు," అంది లెక్చరర్. "నేను చేస్తాను."

*

సెలవు రోజున పెరట్లో ఇద్దరే ఉన్నారు.

ట్రాక్టరు డ్రైవరు అర లోడు గుమ్మరించి, పరీక్షలా మేడమ్ అని నవ్వి వెళ్ళాడు. కుప్పని నాలుగు భాగాలు చేశారు. మొదటి భాగం తూకం ఏరింది. లెక్చరర్ అంతసేపూ షెడ్డులో కూర్చుంది, చూడకూడదు కాబట్టి. అమ్మాయి పిలిచి కాగితం చేతికిచ్చింది. అంకె చెప్పలేదు. డ్రమ్ము బోర్లించుకుని దాని మీద గోడ వైపు తిరిగి కూర్చుంది.

లెక్చరర్ చదివింది. అక్షరాలు గుండ్రంగా, నొక్కి రాసి ఉన్నాయి. "ముడి ఉన్న ప్రతి సంచీ విప్పాలి. విప్పడం రాకపోతే కొయ్యాలి. ఊహించకూడదు." ఆ కింద: "కలపడానికి టార్పాలిన్ ఒక కొస మీద రాయి పెట్టి, ఎదుటి కొస పట్టుకుని లాగాలి. తర్వాత రాయి పక్క కొసకి మార్చాలి. ఇద్దరుంటే రాయి అక్కర్లేదు."

ఆ చివరి మాట దగ్గర ఆగింది. కాగితమంతా ఒక్క మనిషి చేసుకునేలాగే రాసి ఉంది. డ్రమ్ము ఒక్కరే ఎలా ఒరిగించాలి, కాటా చూస్తూ ఒక్కరే ఎలా రాసుకోవాలి. తల ఎత్తి చూస్తే గోడ వైపు తిరిగిన వీపు కనిపించింది. సాయం అడగకూడదు. వెళ్ళి రాయి వెతుక్కొచ్చింది.

మిగతాదేమీ ఆమెకి కష్టం కాలేదు. ఒక్కతే పని చేసుకునే పద్ధతి కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. విప్పింది, కోసింది, ఏరింది. చెమట కళ్ళలోకి కారితే భుజానికి తుడుచుకుంది. తూచి, మళ్ళీ తూచి, అంకె వేసింది.

"యాభై మూడు," అంది.

తూకం ఇటు తిరిగింది. "నాకు నలభై ఎనిమిది."

ఎండ గోడ దాటి వచ్చింది. దగ్గరే కదా అని ఇద్దరిలో ఎవరో ఒకరు అనొచ్చు. ఎవరూ అనలేదు. తూకం లేచి లెక్చరర్ తడి డ్రమ్ముని నేల మీదికి ఒరిగించి వేళ్ళతో కెలికింది. అడుగు నుంచి అట్టముక్క ఒకటి తీసింది. దాంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇది ఇందులో వేశారా?"

"తడిగా ఉంది కదా. మెతుకులు అంటుకుని ఉన్నాయి."

"అట్ట మేడమ్. నేను కాగితంలో వేశాను."

"నీ పద్ధతిలో తడిసిన అట్టల మాట లేదు."

తూకం కాగితం లాక్కుని పై నుంచి కింది దాకా చదివింది. మళ్ళీ చదివింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అందరికీ తెలుస్తుందనుకున్నాను," అంది చివరికి.

జేబులోంచి పెన్ను తీసి, కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని ఒక వాక్యం చేర్చింది. తర్వాత మిగిలిన రెండు భాగాల వైపు చూసింది.

"మళ్ళీ చెయ్యాలి. కానీ మీరు చెయ్యకూడదు, నేను చెయ్యకూడదు. మనిద్దరికీ తెలిసిపోయింది. ఏమీ తెలియని మనిషి కావాలి."

"సెలవు రోజు ఎవరొస్తారు?"

తూకం తడి చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది.

"ఎవరికి?"

"మైకుకి. వాడికి ఏమీ తెలియదు." నవ్వకుండానే అంది. అవతల మోగుతుంటే చెవికి ఆనించుకుంది. "నేను. తూకాన్ని. పెరట్లో ఉన్నాం... ఆఁ, మేడమ్ కూడా. నీ అరవై రెండు ఎక్కడ పోయిందో చూసుకుంటావా?... ముక్కు మూసుకుని రా. పాత చొక్కా వేసుకో."

వాడు వస్తాడని లెక్చరర్ అనుకోలేదు. గేటు చప్పుడైంది. పాత చొక్కాతో, మాస్కు మీద మాస్కుతో వచ్చాడు. ఏదో మాట్లాడబోయాడు. తూకం కాగితం చేతిలో పెట్టి, వేలు పెదాల మీద పెట్టుకుంది. ఇంకో డ్రమ్ము బోర్లించి లెక్చరర్ వైపు జరిపింది. ఇద్దరూ గోడ వైపు తిరిగి, కాస్త ఎడంగా కూర్చున్నారు.

వెనక వాడు కాగితం పైకే చదువుకుంటున్నాడు. సంచులు విప్పడం, కొయ్యడం. మధ్యలో ఒకసారి డోకు వచ్చిన చప్పుడు, తర్వాత ఊపిరి. అడుగులు కుప్ప చుట్టూ తిరిగి ఆగాయి.

"రాయి ఎక్కడుంది మేడమ్?" అన్నాడు.

రాయి లెక్చరర్ కాలి పక్కనే ఉంది. ఆమె తూకం వైపు చూసింది. తూకం గోడ వైపే చూస్తోంది. ఇద్దరూ పలకలేదు. కాసేపటికి వాడు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.